తీసిన వాల్వులు పనికొస్తాయా, పారేయాలా? (మాసీ 1035 ట్రాక్టర్, 1986 మోడల్)

సబ్బవరం_శీను
నాన్నగారి బండి. 1986లో కొన్నది. ఒకప్పుడు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలింది. 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు లేచిపోయాక ఐదారేళ్లు టార్పాలిన్ కిందే పడి ఉంది. తర్వాత కదిలించి దమ్ములకి వాడుకుంటున్నాం. పొద్దున్నే స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది. తెల్ల పొగ. రెండో సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు. రెండో నాజిల్ (డీజిల్ చిమ్మేది) తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టి చూశాను. మిస్సింగ్ రెండోదాంట్లోనే ఉండిపోయింది. దాంతో హెడ్డు (సిలిండర్ల మీద వాల్వులుండే మూత) దించాను.

గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపాయన "ఆరు వాల్వులు, ఆరు గైడ్లు, సీటింగులు, అన్నీ కొత్తవే" అన్నాడు. (గైడ్ అంటే వాల్వు కాడ ఆడే గొట్టం, సీటింగు అంటే వాల్వు తల కూర్చునే చోటు.) రేటు విని టీ కూడా తాగకుండా వచ్చేశాను. పక్క వీధిలో ఇంకొకాయన వాల్వు మీద గోరుతో గీకి "పేస్టు కొట్టి బిగించెయ్ బావూ" అన్నాడు. అంటే గరుకు పేస్టు రాసి వాల్వుని సీటింగులో రుద్ది కూర్చోబెట్టడం. ఇద్దరిలో ఒక్కరూ కొలవలేదు. వాల్వు అరిగిందో లేదో నేనే చూసుకోవడం ఎలా? నా దగ్గర వెర్నియర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) ఉన్నాయి. నాన్నగారైతే "ఇంజిను బాగానే ఉంది, నువ్వే విప్పి పాడుచేశావు" అంటున్నారు.

భీమిలి_బాబాయ్
రెండో ఆయనే కరెక్టు. పోర్టుల్లో (హెడ్డులో గాలి, పొగ వెళ్లే దారుల్లో) కిరసనాయిలు పోసి, పావుగంట ఆగు. వాల్వు అంచు దగ్గర చెమ్మ రాకపోతే పేస్టు కొట్టి బిగించుకో. ఈ మాత్రానికి వెర్నియర్ ఏటి.

లేత్_మావయ్య
బాబాయ్, కిరసనాయిలు సీటింగు సంగతి మాత్రమే చెబుతుంది. అదీ వాల్వు కదలకుండా, చల్లగా, స్ప్రింగు నొక్కిపెట్టి ఉన్నప్పుడు. గైడ్లో కాడ ఊగుతోందో లేదో దానికేం తెలుసు? ఊగే వాల్వు ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలి కూర్చుంటుంది. టెస్టులో పాస్, పొలంలో ఫెయిల్.

శీనూ, ముందు ఇది చెప్పు. తీసిన వాల్వుల్ని వరసలో పెట్టావా?

సబ్బవరం_శీను
ఆరూ డీజిల్ బకెట్‌లో ఉన్నాయి అన్నా. కలిసిపోయాయి.

గాజువాక_గేర్‌బాక్స్
పెళ్లి భోజనాల దగ్గర చెప్పుల్లాగా అన్నమాట.

కొత్తవలస_కుర్రాడు
😂 ఎవడికి ఏది దొరికితే అది వేసుకుని పోవడమే

ఐటీఐ_కంచరపాలెం
నవ్వకండి, నేనూ ట్రైనింగులో ఇదే పని చేసి తిట్లు తిన్నాను. అట్టపెట్టె మూతకి ఆరు బొక్కలు పెట్టి, అంకెలు వేసి గుచ్చాలి. పుష్‌రాడ్లకీ (వాల్వుల్ని నడిపే కడ్డీలు) అంతే. ఏ వాల్వు ఏ గైడ్లో అరిగిందో దానికే సరిపోతుంది. ఇంకోదాంట్లో పెడితే రెండిటి కొలతా పోతుంది.

అయినా దారి ఉంది. తల పెద్దవి ఇన్‌లెట్ (గాలి లోపలికి), చిన్నవి ఎగ్జాస్ట్ (పొగ బయటికి). అలా మూడూ మూడుగా విడదీయొచ్చు. నీది సింప్సన్ కంపెనీ ఇంజిన్, మూలం బ్రిటన్ కంపెనీ పెర్కిన్స్. వాళ్లు పాత ఇంజిన్లలో వాల్వు తల మీద నంబరు కొట్టేవాళ్లు, హెడ్డు మీద సీటింగు పక్కనా అదే నంబరు ఉంటుంది. ఇత్తడి బ్రష్‌తో మసి గీకి చూడు. గ్రైండర్ పెట్టకు, నంబరూ పోతుంది వాల్వూ పోతుంది.

సబ్బవరం_శీను
ఓలమ్మో, నిజమే! నాలుగింటి మీద నంబర్లు కనిపించాయి. రెండింటి మీద ఏమీ లేదు. ఆ రెండూ చిన్న తలవే, అంటే ఎగ్జాస్ట్‌వి.

లేత్_మావయ్య
అంటే ఆ రెండూ ఎప్పుడో ఎవరో మార్చినవి. నీ కథంతా అక్కడే ఉండొచ్చు. నాన్నగారిని అడుగు.

సబ్బవరం_శీను
అడిగాను. "ఎప్పుడూ మార్చలేదు" అన్నారు. అన్నం తిన్నాక "ఒకసారి అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర ఆగిపోతే ఎవరో చేశారు" అన్నారు. ఏ సంవత్సరమో గుర్తు లేదట. అప్పుడు చెల్లి పుట్టలేదని మాత్రం గట్టిగా చెబుతున్నారు.

మాడుగుల_చెరకు
తీసేటప్పుడు వాల్వుల్ని గైడ్లోంచి లాగావా, కొట్టావా? ఇది ఎందుకంటే, నా మహీంద్రా బి-275 హెడ్డు విప్పినప్పుడు ఒక వాల్వు గైడ్లోంచి రాలేదు. చెక్క పెట్టి సుత్తితో కొట్టేశాను. కాడ పైన లాక్‌లు (స్ప్రింగుని పట్టి ఉంచేవి) కూర్చునే గాడి అంచుకి పొక్కు లేచి ఉంది. అది గైడ్ లోపలంతా గీసుకుంటూ దిగింది. బాగున్న గైడ్‌ని నా చేత్తో నేనే చంపుకున్నాను. ముందు ఆ అంచుని సన్న ఎమిరీ కాగితంతో నున్నగా చేసి, నూనె రాసి, చేత్తో తోస్తే రావాలి.

సబ్బవరం_శీను
ఐదు చేత్తోనే వచ్చాయి. ఒకటి కొట్టాను. నంబరు లేని వాటిలో ఒకటి.

గాజువాక_గేర్‌బాక్స్
ఈ థ్రెడ్‌లో శీను చేయని తప్పు ఇంకా ఏమైనా మిగిలిందా

లేత్_మావయ్య
కుర్రాడు దాచకుండా చెబుతున్నాడు, అది చాలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు "అది ముందే అలా ఉంది" అంటారు.

సరే, కొలతలు. వెర్నియర్ పక్కన పెట్టు. మంచి వెర్నియర్ 0.02 మి.మీ. చూపిస్తుంది, అదీ చెయ్యి తిన్నగా ఉంటే. నీకు కావలసిన తేడాలే అంతంత. మైక్రోమీటర్ కావాలి, వందో వంతు కనిపించేది. ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకో.

కొత్త కాడ సైజు ఎంత అని బుక్ వెతుక్కోనక్కర్లేదు. నీ వాల్వే నీకు కొలబద్ద. కాడలో గైడ్ తాకని చోటు ఒకటి ఉంటుంది, పైన లాక్ గాడికి కాస్త కింద. అక్కడ రంగు వేరుగా కనిపిస్తుంది. ఆ చోటు కొలిచి రాసుకో. తర్వాత గైడ్లో ఆడిన భాగాన్ని పైన, మధ్యలో, కింద కొలువు. ప్రతి చోటా ఒకసారి కొలిచాక వాల్వుని పావు వంతు తిప్పి మళ్లీ కొలువు. కాడ గుండ్రంగా అరగదు. రాకర్ (వాల్వు కొనని నొక్కే చెయ్యి) నొక్కేది వంపులో కదా, ఆ దిక్కునే ఎక్కువ తింటుంది. తాకని చోటికీ తాకిన చోటికీ 0.05 దాటి తేడా ఉంటే నేనైతే ఆ వాల్వు తిరిగి వెయ్యను.

తర్వాత తల. వాలు అంచుకీ పై ముఖానికీ మధ్య నిలువుగా సన్న గోడలా ఒక అంచు ఉంటుంది చూడు. పేస్టు కొట్టీ కొట్టీ, గ్రైండింగ్ చేసీ చేసీ అది సన్నబడుతుంది. మైక్రోమీటర్ అక్కర్లేదు, హ్యాక్సా బ్లేడు ఆనించు. బ్లేడు మందం 0.65 దగ్గర ఉంటుంది. అంచు దానికంటే కాస్త మందంగా కనిపించాలి, 0.8 అయినా ఉండాలి. కత్తి అంచులా ఉంటే వేడికి ఎర్రబడి, ఒక చోట కాలి, అక్కడి నుంచి చీలుతుంది. ఎగ్జాస్ట్‌లో మరీను.

భీమిలి_బాబాయ్
నలభై ఏళ్లుగా బొటనవేలితో చూస్తున్నా. కాడ మీద గోరు జార్చితే మెట్టు తగిలిందా అరిగినట్టు, తగలకపోతే లేదు. ఎంత మంది ఇంజిన్లు నడుస్తున్నాయో లెక్క లేదు.

లేత్_మావయ్య
గోరుకి మెట్టు తగిలితే అరిగినట్టే, ఒప్పుకుంటా. తగలకపోతే అరగనట్టు కాదు. మెట్టు లేకుండా నున్నగా వాలుగా కూడా అరుగుతుంది బాబాయ్. మీ ఇంజిన్లు నడుస్తున్నాయి, వాటిలో సగం మళ్లీ నా దగ్గరికొచ్చాయి 🙂

భీమిలి_బాబాయ్
సగం కాదు, మూడు.

సబ్బవరం_శీను
గైడ్ లోపల ఎలా కొలవాలి? నా దగ్గర లోపలి కొలత గేజ్ లేదు.

ఐటీఐ_కంచరపాలెం
నాకూ లేదు. డయల్ గేజ్ (సన్న కదలికని గడియారంలా చూపేది) ఉంటే సరిపోతుంది. గైడ్‌ని ముందు కిరసనాయిలుతో, గుడ్డ చుట్టిన పుల్లతో శుభ్రం చెయ్యి. లోపల గట్టిపడ్డ కార్బన్ ఉంటే అరిగిన గైడ్ కూడా బిగుతుగా అనిపించి మోసం చేస్తుంది. వాల్వుని సీటింగు నుంచి 10 మి.మీ. పైకి ఎత్తి పట్టు, డయల్ ముల్లు వాల్వు తల అంచుకి ఆనించు, ఇటూ అటూ ఊపు. రాకర్ తోసే దిక్కులో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. రెండు దిక్కుల్లో తేడా ఎక్కువ వస్తే గైడ్ కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లింది.

ఒక జాగ్రత్త. డయల్‌లో వచ్చిన అంకె గైడ్ గ్యాప్ కాదు. తల దూరంగా ఉంటుంది కాబట్టి ఊపు పెద్దదిగా కనిపిస్తుంది. బుక్‌లో ఇచ్చిన కాడ-గైడ్ గ్యాప్‌తో దీన్ని పోల్చి భయపడిపోయి అన్నీ మార్చినవాళ్లని చూశాను. ఒక గైడ్‌ని ఇంకో గైడ్‌తో పోల్చుకోవడానికి వాడు. ఇంకా నమ్మకం కావాలంటే కొత్త వాల్వు ఒక్కటి కొని ఆరు గైడ్లలోనూ ఊపి చూడు (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ కాడ సైజు ఒకటే అయితేనే). కొత్త వాల్వూ ఊగితే తప్పు గైడ్‌ది.

కొత్తవలస_కుర్రాడు
గైడ్ అరిగితే నీలం పొగ రావాలి కదా? శీను అన్నది తెల్ల పొగ. మరి గైడ్లు బాగున్నట్టేగా?

లేత్_మావయ్య
ఆ లెక్క పెట్రోల్ బండిది. పెట్రోల్‌లో యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ మూసుకుని ఇన్‌లెట్‌లో గట్టి పీలుడు వస్తుంది, నూనెని గైడ్లోంచి లాగేస్తుంది. మన డీజిల్‌కి థ్రాటిలే లేదు, గాలి ఎప్పుడూ నిండా వెళ్తుంది. పీలుడు తక్కువ. అందుకే గైడ్ బాగా వదులైనా నీలం పొగ కనిపించకపోవచ్చు. తెల్ల పొగ అంటే కాలని డీజిల్. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) తక్కువై కావలసినంత వేడి పుట్టడం లేదు.

పాడేరు_పెదబాబు
వాల్వు లోతు చూడమని ఎవరూ చెప్పరేం? మా వైపు చలికాలం పొద్దున్న బండి స్టార్ట్ అవ్వాలంటే ఊరంతా తొయ్యాలి. లంబసింగి సంతకి వెళ్లి రాత్రి ఆపితే తెల్లారి ఇంజిన్ కింద నిప్పులు పెట్టేవాళ్లం. చివరికి చూస్తే సీటింగు కట్ చేసీ కట్ చేసీ వాల్వులు హెడ్డు లోపలికి దిగిపోయాయి. ఆ లోతు కంప్రెషన్‌ని తినేస్తుంది. శీను రోగం కూడా అదే, రాసిపెట్టుకోండి.

సబ్బవరం_శీను
మావయ్య గారు చెప్పినట్టు మైక్రోమీటర్ తెచ్చాను. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన పక్కింటాయనది. ఇచ్చే ముందు నా చేతులు కడిగించారు. డయల్ గేజ్ కూడా ఆయనదే.

ఇన్‌లెట్ మూడూ: తాకని చోటికీ తాకిన చోటికీ తేడా 0.01, 0.02, 0.02. ఎగ్జాస్ట్‌లో నంబరు ఉన్నది (మొదటి సిలిండర్‌ది) 0.03. నంబరు లేనివి రెండూ 0.01, 0.02. అంటే కాడలు బాగానే ఉన్నాయి కదా? గోరు పెట్టినాయనే గెలిచినట్టు ఉంది.

కానీ డయల్ దగ్గర తేడా వచ్చింది. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ గైడ్‌లో ఊపు మిగతా గైడ్లకి రెండింతలు ఉంది. అదీ రాకర్ దిక్కులోనే. అడ్డంగా ఊపితే అంత లేదు. సుత్తితో కొట్టింది దాంట్లోంచే వచ్చిందో మూడోదాంట్లోంచో గుర్తు లేదు.

లోతు కూడా కొలిచాను. హెడ్డు మీద స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టి వెర్నియర్ తోకతో. ఐదు వాల్వులు ఒకదానికొకటి 0.2 తేడాలో ఉన్నాయి. రెండో ఎగ్జాస్ట్ మాత్రం మిగతావాటికంటే 1.3 మి.మీ. లోపలికి ఉంది.

పాడేరు_పెదబాబు
చెప్పానా!

ఐటీఐ_కంచరపాలెం
పెదబాబు గారూ, ఒక్క నిమిషం. లెక్క కట్టి చూద్దాం. ఈ ఇంజిన్‌కి ఒక్కో సిలిండర్ ఇంచుమించు 800 సీసీ. కంప్రెషన్ 17కి 1 అనుకుంటే పైన మిగిలే చోటు 50 సీసీ. వాల్వు తల 35 మి.మీ. అనుకుని 1.3 మి.మీ. లోపలికి దిగితే పెరిగే చోటు ఒకటింబావు సీసీ. అంటే 17 కాస్తా 16.6 అవుతుంది. అంతే. చలిలో అది కూడా కాస్త ఏడిపిస్తుంది గానీ ఒక సిలిండర్ కొట్టకుండా పోయేంత కాదు. మీ బండిలో అన్ని వాల్వులూ దిగిపోయి ఉంటాయి, పిస్టన్ రింగులూ అరిగి ఉంటాయి, పైగా లంబసింగి చలి.

పాడేరు_పెదబాబు
లెక్క బాగానే ఉంది. నిప్పులు పెట్టినవాడికి తెలుస్తుంది బాధ.

లేత్_మావయ్య
లోతు జబ్బు కాదు, ఆనవాలు. ఆ అనకాపల్లి మెకానిక్ ఏం చేశాడో ఇప్పుడు తెలిసిపోతోంది. వాల్వు కాలింది, కొత్తది వేశాడు. గైడ్ మార్చలేదు. గుడ్డులా అరిగిన గైడ్‌ని ఆధారం చేసుకుని సీటింగు కట్ చేశాడు. కట్టర్ కడ్డీ గైడ్లోనే కదా నిలబడేది, గైడ్ వంకరైతే సీటింగూ వంకర. కూర్చోలేదు. ఇంకాస్త కట్ చేశాడు. అలా 1.3 దిగింది. అందుకే కాడ కొత్తదానిలా ఉంది, గైడ్ పోయింది. కాడ ఒక్కటే కొలిచి ఆగితే శీను ఈపాటికి హెడ్డు బిగించేసి ఉండేవాడు.

శీనూ, ఆ వాల్వు ముఖం మీద సీటింగు తాకే పట్టీ ఎలా ఉంది?

సబ్బవరం_శీను
ఒక వైపు మెరుస్తూ వెడల్పుగా, ఎదుటి వైపు సన్నగా. సన్నగా ఉన్న చోట నల్లటి చార, బియ్యపు గింజంత పొడుగు.

లేత్_మావయ్య
అదే లీక్. మంట అటు తన్నుకుపోతోంది. ఇంకో ఆరు నెలలు నడిపితే ఆ గింజంత చోట వాల్వు తెగేది.

మాడుగుల_చెరకు
హెడ్డు దించకముందే ఇది తెలుసుకోవచ్చు, వచ్చేసారికి చెబుతున్నా. నాజిల్ తీసి, ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చి, నాజిల్ బొక్కలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించు. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ క్లీనర్లో అయితే ఇన్‌లెట్. ఇంజిన్ ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. రేడియేటర్లో బుడగలు వస్తే గాస్కెట్ లేదా పగిలిన హెడ్డు. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకుండా. గాలికి ఇంజిన్ గిర్రున తిరుగుతుంది.

గాజువాక_గేర్‌బాక్స్
మరి చివరికి బిల్లు ఎంత? అన్నీ మార్చాలా, పేస్టు చాలా?

లేత్_మావయ్య
రెండూ కాదు. ఎగ్జాస్ట్ గైడ్లు మూడూ మార్చు, పెద్ద ఖర్చు కాదు, ఎలాగూ హెడ్డు షాపులో ఉంటుంది. రెండో ఎగ్జాస్ట్‌కి కొత్త వాల్వు, కొత్త సీటింగు రింగు. మిగతా ఐదు వాల్వులు ఉంచుకో. షాపులో నిలబడి ఒక్కటి చూసుకో: ముందు గైడ్, తర్వాతే సీటింగు కట్. వరస తిరగేస్తే అనకాపల్లి కథే మళ్లీ. స్ప్రింగులు ఆరూ బల్ల మీద నిలబెట్టి ఎత్తు సరిచూడు, మూలమట్టం ఆనిస్తే వాలకూడదు.

కూర్చుందో లేదో చూడటానికి వాల్వు ముఖం మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, సీటింగులో పెట్టి పావు వంతు తిప్పు. గీతలన్నీ మధ్యలో తెగితే కూర్చున్నట్టే. ఏ గీతైనా తెగకపోతే అక్కడ తాకడం లేదు.

కొత్తవలస_కుర్రాడు
మా నాన్న పెన్సిల్ దొరక్క అమ్మ కాటుక రాశాడు. వాల్వు కూర్చుంది. ఇంట్లో మాత్రం వారం రోజులు కూర్చోలేకపోయాడు.

భీమిలి_బాబాయ్
పేస్టు కొట్టాక కడగడం మర్చిపోకు. గైడ్లో చుక్క పేస్టు మిగిలినా కొత్త గైడ్‌ని వారంలో తినేస్తుంది. ఇది మాత్రం బొటనవేలి అనుభవమే, మైక్రోమీటర్‌ది కాదు.

లేత్_మావయ్య
నూటికి నూరు పాళ్లు నిజం.

సబ్బవరం_శీను
హెడ్డు పని అయింది, బిగించాను. ట్యాపెట్ (రాకర్‌కీ వాల్వు కొనకీ మధ్య సందు) ఇంజిన్ చల్లగా ఉండగా 0.30 మి.మీ., అంటే 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెట్టాను. స్టార్ట్ చేస్తే రెండో సిలిండర్ కొడుతోంది, పొగ పోయింది. కానీ ఒక ట్యాపెట్ టక్ టక్ అంటోంది. మళ్లీ చూస్తే ఫీలర్ సరిగ్గానే దూరుతోంది. ఏమిటిది?

ఐటీఐ_కంచరపాలెం
రాకర్ మూతి తిప్పి చూడు. వాల్వు కొనకి తగిలే చోట గుంట పడి ఉంటుంది. వాల్వు కొన సరిగ్గా ఆ గుంటంతే ఉంటుంది, లోపలికి దిగి కూర్చుంటుంది. నీ ఫీలర్ రేకు వెడల్పు, అది గుంటలోకి దిగదు, అంచుల మీద వంతెనలా ఆగుతుంది. నువ్వు 0.30 అనుకుంటావు, లోపల గుంట లోతు కూడా కలుస్తుంది.

సబ్బవరం_శీను
ఉంది! వేలికి తగులుతోంది. మూడో ఇన్‌లెట్ రాకర్. కాయిన్ బాక్సు ఫోన్లో రూపాయి వేసే గాడిలా ఉంది.

లేత్_మావయ్య
ఎక్కువ లోతు లేకపోతే రాయి మీద ఆ వంపు చెడకుండా నునుపు చేయిస్తే సరి. పై గట్టి పొర దాటి లోపలికి వెళ్తే ఆగదు, అప్పుడు రాకరే మార్చాలి. అందాకా నడిపినా కొంప మునగదు, చప్పుడు భరించాలి. ఇరవై పాతిక గంటలు నడిచాక చల్లగా ఆరు ట్యాపెట్లూ మళ్లీ చూసుకో. కొత్త సీటింగు కూర్చునే కొద్దీ గ్యాప్ తగ్గుతుంది. వదిలేస్తే వాల్వు మూసుకోక మళ్లీ కాలుతుంది.

సబ్బవరం_శీను
రాకర్ చేయించాను, చప్పుడు పోయింది. నిన్న పొద్దున్న ఐదున్నరకి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. నాన్నగారు మంచం మీద నుంచి లేవకుండానే "నేను ముందే చెప్పాను, ఇంజిను బాగానే ఉందని" అన్నారు.

గాజువాక_గేర్‌బాక్స్
మైక్రోమీటర్ తిరిగిచ్చావా?

సబ్బవరం_శీను
రేపు ఇస్తా.

కొత్తవలస_కుర్రాడు
నా దగ్గర హెచ్‌ఎంటీ 2511 ఉంది, రెండు సిలిండర్లు. దానికీ ఇదే పద్ధతేనా? వాల్వులు ఇంకా బకెట్‌లో వెయ్యలేదు.